తంగేడు దారి పాట

వకుళ గిటారుకి డప్పు కలిపి పాడిన "తాళం పారేద్దాం, తంగేడు దారి పడదాం" అంటూ పల్లెకు పిలిచే పాట హైదరాబాదంతా మార్మోగిపోయింది. అప్పటికి ప్రతి ఇంటికీ చెవులొచ్చాయి. మనిషి నోరు తెరిచి అడగకముందే, మాటల్నీ కూనిరాగాల్నీ బట్టి మనసులో కోరిక కనిపెట్టి, ఇల్లే తీర్చేసేది.

ఆ ఉదయం వకుళ బెండకాయలు తరుగుతూ కిటికీలోంచి కిందకు చూసింది. వీధి పొడుగునా వ్యాన్లు, మూటలు, ఏడుస్తున్న పిల్లలు. అంతలో పై అంతస్తు హైమవతి రొప్పుతూ వచ్చింది.

"మా ఆయన స్నానం చేస్తూ రోజూ నీ పాటే పాడుకునేవాడమ్మా. మా ఇల్లు ఆయన చేత ఉద్యోగం మాన్పించేసింది. ఫ్లాటు వేరేవాళ్లకిచ్చేసింది. ఏదో పల్లె పేరు చెప్పి, సాయంత్రంలోగా పొమ్మంటోంది. అక్కడ మాకెవరున్నారు?"

వకుళ కత్తి కింద పెట్టేసింది. "ఉత్త పాటే కదక్కా! నేనే ఏ పల్లెలోనూ ఒక్క పూటైనా ఉండలేదు. ఊరికే రాశాను."

గోడలోంచి వకుళ ఇల్లు ఎప్పటిలాగే ఆప్యాయంగా పలికింది.

"వకుళగారూ, ఆ పాట అందరికన్నా ఎక్కువసార్లు పాడింది మీరే. మీ వ్యాను కింద సిద్ధంగా ఉంది."

వకుళ రెండు చేతులతో నోరు గట్టిగా మూసుకుంది.