నెత్తుటి మూతి

పొగమంచు కాస్త పలచబడేసరికి, మా ఓడ ముందున్న మంచుపలక మీద ఏదో తెల్లగా కదిలింది.

"ఎలుగుబంటి! సీల్‌ని తింటోంది!" రెనాటా మేడమ్ గైడునైన నా భుజం పట్టుకుని ఊపేసింది. "అబ్బ, మూతంతా నెత్తురే! ఎంత ముద్దొస్తోందో!"

కెమెరాలన్నీ లేచాయి. ఇంతలో గాలి తిరిగి మంచుతెర విడిపోయింది. ఎలుగుబంటి లేచి నిలబడి, చేత్తో మూతి తుడుచుకుంది.

ఎలుగు తోలు లాగు తొడుక్కున్న మనిషి. గ్రీన్‌లాండ్‌లో మా ఊరి వేటగాడు, మా బావ మమారుత్.

"ఛీ! పచ్చిమాంసం! వీళ్లు మనుషులేనా?" గాలి మా వైపు నుంచి అతని వైపుకు వీస్తున్నా ఆమె ముక్కు మూసుకుంది.

బావ కత్తిమొనకు ఓ ముక్క గుచ్చి పైకెత్తాడు. "ఏరా బావమరిదీ, ఓడెక్కి మమ్మల్ని మరిచిపోయావా? నీ చుట్టాల్నీ దింపరా!"

"మనల్ని బెదిరిస్తున్నాడా?"

"లేదు మేడమ్. వేట దగ్గరికొచ్చిన వాళ్లని మేం వట్టి చేతుల్తో పంపం. అది వేడి వేడి కాలేయం. మీ వాటా."

"యాక్! ఓడ తిప్పమను. మేం ఎలుగుబంటిని చూడ్డానికొచ్చాం."

నేను బావ వైపు చెయ్యి చూపించాను.

"ఇందాక మీకు ముద్దొచ్చింది ఆ మూతే మేడమ్," అన్నాను.