చచ్చిన కందిరీగ వాసన

ఇప్పచెట్టు తొర్రలో ఒక తేనెపట్టు ఉండేది. దాని గుమ్మం దగ్గర చుక్కమ్మ అనే తేనెటీగ కావలి కాసేది. శత్రువు వస్తే కావలి ఈగ ఒంట్లోంచి ఘాటైన వాసన వదలాలి. అది తగిలిన ప్రతి ఈగా తానూ అదే వాసన వదిలి, శత్రువు మీద పడి, రెక్కలు అదిరించి వేడి పుట్టించాలి. తాతల నాటి కట్టుబాటు అది.

ఒకనాడు ఒక కందిరీగ లోపలికి దూరింది. చుక్కమ్మ వాసన వదిలింది. ఈగలన్నీ దాన్ని ముద్దగా కమ్ముకుని ఉడికించి చంపేశాయి.

కానీ దాని విషం కారి పట్టుకంతా అంటుకుంది. ఆ కంపు తగిలిన ఈగలు, "ఇంకా ఉంది, ఇంకా ఉంది!" అంటూ మళ్ళీ వాసన వదిలాయి.

"చచ్చిందర్రా, ఇక చాలించండి!" అని చుక్కమ్మ గొంతు చించుకుంది. వినేదెవరు? వేడి మీద వేడి ఎక్కింది. మైనం మెత్తబడి గదులు జారసాగాయి.

పిల్లల్ని సాకే ముసలి దాది పరుగున వచ్చింది. "పసిగుడ్లు మాడిపోతున్నాయే చుక్కీ! ఆపమని వాసన వదలవే, నీకు పుణ్యముంటుంది!"

చుక్కమ్మ కుమిలిపోయింది. "శత్రువు వచ్చిందని చెప్పే వాసనే ఉంది అత్తా. పోయిందని చెప్పే వాసన మన ఒంట్లో లేదు."

పొద్దు వాలేసరికి పట్టు కరిగి తొర్ర అడుగున ముద్దయింది. దాది లేదు, పిల్లలు లేరు. మైనంలోంచి విషం కంపు మాత్రం ఇంకా వస్తూనే ఉంది.

చుక్కమ్మ వద్దు వద్దనుకుంటూనే ఉంది. రెక్కలు వాటంతటవే అదరసాగాయి.