చెవిన పెట్టొద్దు

"వెండిచేప దూకితే మీట నొక్కాలి. ముళ్లచేప దూకితే నొక్కకూడదు. అంతే, తాతగారూ."

"తాత అన్నావంటే రెండూ నొక్కేస్తాను. క్లారీ అను, చాలు."

పరీక్ష పెట్టే టామ్సిన్ నవ్వింది. క్లారీకి మాత్రం నవ్వు రాలేదు. డెబ్బై ఆరేళ్ల వయసులో తన ధ్యాస చెదరడం లేదని ఈ తెర మీది ఆటలో తేలితేనే డ్రైవింగ్ లైసెన్సు నిలుస్తుంది. లేదంటే ఆల్చిప్పల బుట్టలు సంతకు చేర్చాలన్నా భార్య నొరీన్‌ని బతిమాలుకోవాలి. పొద్దున ఆవిడ అననే అంది. "కెటిల్ పొయ్యి మీద పెట్టి మరిచిపోయే మనిషికి బండెందుకయ్యా?"

ఆ మాటకి రుసరుసలాడుతూ బయల్దేరేసరికి ఆలస్యమైంది. పడవల్ని సముద్రంలోకి దించే వాలు దగ్గరే ట్రక్కు ఆపాడు. ఊళ్లో అందరిలాగే తాళంచెవి అందులోనే వదిలేశాడు. వెనక తొట్టిలో ఉన్న కుక్క పెప్పర్‌ని "కదిలావో!" అని గదమాయించి, పరుగున లోపలికొచ్చాడు.

"అన్నట్టు, మధ్యలో ఏవేవో చప్పుళ్లు వస్తాయి. మీ ధ్యాస మళ్లించడానికే. ఏదీ చెవిన పెట్టకండి," అంది టామ్సిన్. ఆట మొదలుపెట్టి, మోగుతున్న ఫోను తీసుకుని పక్కగదిలోకి వెళ్లి తలుపేసుకుంది.

వెండిచేప. నొక్కాడు. ముళ్లచేప. వేలు కదపలేదు.

కుక్క మొరిగింది. అచ్చం పెప్పర్ గొంతే. 'భలే పట్టారే!' అనుకున్నాడు.

"ఒరేయ్ క్లారీ! బయటికి రారా!" ఎవరో కిటికీ అద్దం దడదడా బాదారు. పొరుగింటి డగ్ గొంతు. క్లారీ ముసిముసిగా నవ్వుకున్నాడు. 'వీడికి రెండు బీర్లు పోయించి అరిపించి ఉంటారు. నా దగ్గరా?'

వెండిచేప. నొక్కాడు.

ఏదో బరువైనది నీళ్లలో ధబ్బుమని పడ్డ చప్పుడు. ఎవరో పొడుగ్గా ఈల వేశారు. క్లారీ రెప్ప కూడా వాల్చలేదు.

ఆట అయిపోయాక టామ్సిన్ వచ్చి తెర చూసింది. "ఒక్క తప్పూ లేదు! కుర్రాళ్లు కూడా ఇలా ఆడరు. లైసెన్సుకి ఢోకా లేదు."

"ఈ ముక్క మా నొరీన్‌కి నువ్వే చెప్పాలమ్మాయ్. ఆ చప్పుళ్లు మాత్రం అదరగొట్టారు."

టామ్సిన్ మొహం చిన్నబోయింది. "వెక్కిరించకండి. స్పీకర్ పొద్దుటే పాడైంది. మీకు చెప్పడం మరిచిపోయాను."

తలుపు తోసుకొచ్చిన పెప్పర్ ఒంటి మీది ఉప్పునీళ్లు దులుపుకుంది.