రాత్రి మాత్ర

“మింగావా? ఏదీ, నాలుక చూపించు.”

తల్లి నోరు తెరిచింది. కూతురు ఫోన్ లైటు వేసి మరీ చూసింది. నాలుక మీద ఏమీ లేదు, నాలుక కింద కూడా ఏమీ లేదు. కన్నతల్లికి ఇలాంటి పరీక్షలు పెట్టడం ఆ పిల్లకేం సరదా కాదు. పగలంతా మందుల షాపు కౌంటర్లో నిలబడి వచ్చింది, కాళ్ళు పీకేస్తున్నాయి. కానీ ఏం చేస్తుంది? సైనస్‌కి డాక్టరు రాసిచ్చిన మాత్ర, తను స్వయంగా చూసి తెచ్చిన మాత్ర, అమ్మ దగ్గరికి వచ్చేసరికి పనిచెయ్యనని మొండికేస్తోంది.

“అందరికీ తగ్గుతోందమ్మా. ఇది వేసుకుంటే ముక్కు తెరుచుకుంటుంది, హాయిగా నిద్ర పడుతుందని రోజూ నేనే చెప్పి అమ్ముతున్నాను. మా అమ్మకే తగ్గలేదంటే ఇంక నా మాట ఎవరు నమ్ముతారు?”

“దా ఒళ్ళే బొండిది,” అంది తల్లి.

నా ఒళ్ళే మొండిది అని అర్థం. ముక్కు దిబ్బడేసిన దగ్గర్నుంచి ఆమె మాట బయటివాళ్ళకి సగమే తెలుస్తోంది. కూతురికి మాత్రం అలవాటైపోయింది.

“నోరంతా చేదుగా ఉంది. పుక్కిలించి వస్తాను,” అని తల్లి సింకు దగ్గరికి వెళ్ళింది. కుళాయి కాసేపు పారింది.

తిరిగొచ్చి మంచం మీద పడుకోలేదు. గోడకి రెండు దిళ్ళు చేర్చి కూర్చుంది. వెనక్కి వాలితే ఊపిరాడదు, ముందుకి వంగితే నుదురు పగిలిపోతుంది. తలకి గుడ్డ బిగించి కట్టుకుంది. కళ్ళ కింద ఉబ్బింది. నోటితో గాలి పీల్చీ పీల్చీ పెదాలు అట్టలు కట్టాయి. ఆమెని అలా చూస్తుంటే కూతురికి జాలీ వచ్చింది, కోపమూ వచ్చింది. అలిసిపోయిన మనిషికి ముందు నోట్లోంచి వచ్చేది కోపమే.

“ఇలాగే ఉంటే నువ్వూ మంచం పడతావు. అప్పుడు నాన్నని ఎవరు చూస్తారు? నా వల్ల కాదు, ముందే చెప్తున్నాను.”

అన్నాక సిగ్గుపడింది. కానీ అన్న మాట అబద్ధం కాదు. కాలి పుండు మానక మంచానికి అతుక్కుపోయిన తండ్రికి ఒళ్ళు తుడవడం, పక్క మార్చడం, ముద్ద కలిపి పెట్టడం అన్నీ అమ్మే.

తల్లి తలగుడ్డ ఇంకాస్త బిగించుకుంది.

లోపలి గదిలోంచి తండ్రి పిలిచాడు. “ఇదిగో, ఒకసారి ఇటు రా.”

“నువ్వు కూర్చో, నేను చూసొస్తాను.” కూతురు మెడలో వేలాడుతున్న మాస్కు పైకి లాక్కుని లోపలికి వెళ్ళింది. వెళ్ళినంత వేగంగానే తిరిగొచ్చింది.

“మంచినీళ్ళు ఇచ్చాను, దుప్పటి కప్పాను. మీ అమ్మని పంపించు అంటున్నాడు. నేనిస్తే దాహం తీరదు కాబోలు.”

“ఆయనకి తోచదే పాపం,” అంటూ తల్లి గోడ పట్టుకుని లేచింది.

కాసేపటికి లోపల్నుంచి కబుర్లు వినిపించాయి. ఇంటికి ఎవరొచ్చి పలకరించినా గోడ వైపు తిరిగి పడుకునే మనిషి, పెళ్ళాంతో మాత్రం గలగలా మాట్లాడుతున్నాడు. ఎవరినో వెక్కిరించి నవ్వాడు కూడా. ఈ ఇంట్లో రోజు మొత్తానికి వినిపించే నవ్వు అదొక్కటే.

మాత్ర పనిచెయ్యకపోతే ఆవిరైనా పడదామని కూతురు గిన్నె తీసుకుని సింకు దగ్గరికి వెళ్ళింది. కుళాయి తిప్పబోయి ఆగింది. నీళ్ళు పోయే కన్నం దగ్గర తెల్లటి మాత్ర ఒకటి ఇరుక్కుని ఉంది. పైపూత కరిగిందంతే, మిగతాదంతా చెక్కుచెదరలేదు.

తల్లి తిరిగొచ్చేసరికి కూతురు దాన్ని అరచేతిలో పెట్టుకుని నిలబడి ఉంది.

“ఇదేంటమ్మా?”

తల్లి తల దించుకుంది.

“ఎక్కడ దాచావు? బుగ్గలోనా?”

“పై పెదవి వెనకాల.”

“చిన్నపిల్లవా నువ్వు? తగ్గట్లేదని ఆ డాక్టరుతో పోట్లాడాను. ఇంకా గట్టి మందు రాయమని బతిమాలాను. నువ్వేమో రోజూ సింకుకి వైద్యం చేస్తున్నావు.” కూతురు అరచెయ్యి తల్లి ముందుకి చాపింది. “ఏం, చేదా? కడుపులో మంటా? పడకపోతే పడదని చెప్పొచ్చుగా.”

“అదేం లేదే.”

“మరి? ఇది పనిచెయ్యదని నువ్వే తేల్చేశావా?”

“మొదటి రోజు మింగాను,” అంది తల్లి.

“ఏమైంది?”

“పనిచేసింది.”

కూతురు తెల్లబోయింది.

“బ్రహ్మాండంగా పనిచేసింది. ఎన్నాళ్ళకో ఒళ్ళు తెలీకుండా నిద్రపోయాను. తెల్లారేసరికి ముక్కు తేలిగ్గా ఉంది, తల తేలిగ్గా ఉంది.” తల్లి వెళ్ళి లోపలి గది తలుపు దగ్గరగా వేసింది. గొంతు బాగా తగ్గించింది. “ఆ సంతోషంలో ఆయనకి కాఫీ తీసుకుని వెళ్ళాను. మీరందరూ ఆ గదిలోకి మాస్కు పెట్టుకుని ఎందుకు వెళ్తారో నాకు అప్పుడు తెలిసింది. పుండు అంత వాసన వస్తుందని నాకేం తెలుసు?”

“అమ్మా...”

“ఆయన నన్నే చూస్తున్నాడే. నా చెయ్యి దానంతటదే ముక్కు మీదకి పోయింది.”