అడుగులు మాసేదాకా

ఎగిరే బస్సులో రోజుకు మూడు ఎడారులు చూపించే డ్రైవరు సింహాద్రి, ఒక్కపూట సెలవు పెట్టి, కణేకల్లు ఎడారిలో మొదటిసారి కాలు పెట్టాడు. దిబ్బ ఎక్కి దిగి, అంచున బండ మీద కూర్చున్నాడు.

“ఇంక ఎళ్లొచ్చా అమ్మా? ఆరింటికి డ్యూటీ ఎక్కాలి.”

“ఉండప్పా. నీ అడుగులు గాలికి మాసిపోవల్ల. అంతవరకూ పంపేది లే. ఈడ రూలు అదే,” అంది వెంట వచ్చిన గైడు వన్నూరమ్మ.

గాలి లేదు. గంట గడిచింది. అతని మడమ చేసిన గుంటలోంచి ఒక పురుగు పైకెక్కుతూ జారుతోంది, మళ్లీ ఎక్కుతోంది. సింహాద్రి ముందుకు వంగి దాన్నే చూస్తున్నాడు. పైన బస్సులు వెళ్లినా తలెత్తలేదు.

పురుగు గట్టెక్కింది. అయిదింటికి గాలి లేచింది. దిబ్బ నున్నగా అయింది.

“మాసిపోయినాయి. ఇంక పో నాయనా.”

సింహాద్రి బండ దిగి, ఇసుకలో ఒక్క అడుగు గట్టిగా వేశాడు.

“పొరపాటున పడిందమ్మా,” అంటూ వచ్చి మళ్లీ కూర్చున్నాడు.