మూడో బొమ్మ

మూడో కాగితం మీద కూడా అదే మొహం వచ్చేసరికి చిత్రకారుడు పెన్సిల్ విసిరికొట్టాడు.

పోలీసుల కోసం మనుషుల మొహాలు గీయడం అతని పని. చెయ్యి తిరిగినవాడే, కానీ ఒక జబ్బుంది. కాస్త పరధ్యానంలో పడితే చాలు, రోజూ కళ్ళెదుట తిరిగే అమ్మ మొహం బొమ్మలోకి వచ్చి కూర్చుంటుంది. పోయినేడాది గొలుసు దొంగకి అమ్మ ముక్కు పెట్టేశాడు. “మీ అమ్మగారిని లోపల వేయించేలా ఉన్నావయ్యా” అని ఇన్‌స్పెక్టర్ స్టేషనంతా వినేలా నవ్వాడు.

ఈసారి నవ్వులాట కాదు. నలభై ఏళ్ళ కిందట ట్యూషన్‌కని వెళ్ళిన పదహారేళ్ళ పిల్ల ఇంటికి తిరిగి రాలేదు. ఆ పిల్ల తల్లి ఇప్పుడు ఆసుపత్రిలో ఉంది. డాక్టర్లు చేతులెత్తేశారు. కూతురు బతికుంటే ఇప్పుడెలా ఉంటుందో ఒక్కసారి చూసి కళ్ళు మూయాలని ఆవిడ కోరిక. రెండో కూతురు పొద్దున్నే వచ్చి, అక్క మొహం మటుకు కత్తిరించి తెచ్చిన తపాలా బిళ్ళంత ఫొటో అతని చేతిలో పెట్టింది. సాయంత్రానికల్లా బొమ్మ కావాలని బతిమాలుకుంది.

మొదటి రెండు బొమ్మలూ చింపి పారేశాడు. మూడోది స్కేలు పెట్టి కొలిచి మరీ గీశాడు. కళ్ళ మధ్య ఎడం, దవడ, నుదురు, వయసు తెచ్చే ముడతలు, ఏదీ చేతి అలవాటుకి వదల్లేదు. అయినా కాగితం మీంచి అమ్మే చూస్తోంది. అతనికి ఇక ఈ చెయ్యి దేనికీ పనికిరాదేమోనని భయమేసింది.

బఠానీలు ఒలుస్తున్న అమ్మ, ఏమైందిరా అని వంటింట్లోంచే అడిగింది. తప్పిపోయిన పిల్ల సంగతి, ఆసుపత్రి సంగతి చెప్పి, మళ్ళీ నీ మొహమే వచ్చి చచ్చిందమ్మా అని విసుక్కున్నాడు.

“ఆ పెద్దావిడకి తెలివి ఉందా?”

“ఉందట. రేపటి దాకా ఉంటుందో లేదో.”

“మరి ఆయన?”

“ఎవరు?”

“ఆ పిల్ల తండ్రి.”

“పోయిన నెల పోయాడట. బతికున్నన్నాళ్ళూ ఆ ఇంట్లో ఎవరైనా ఆ పిల్ల పేరెత్తితే పళ్ళు రాలగొట్టేవాడట. అందుకే ఇన్నాళ్ళూ ఎవరూ నోరు మెదపలేదు.”

వంటింట్లో కుళాయి తిప్పిన చప్పుడు, కట్టేసిన చప్పుడు వినిపించాయి. చేతులు తుడుచుకుంటూ అమ్మ వచ్చింది. తిడుతుందేమోనని అతను బొమ్మ మీద చెయ్యి అడ్డం పెట్టాడు. ఆమె బొమ్మ వైపు చూడనే లేదు. కళ్ళజోడు సర్దుకుని, బల్ల మీది చిన్న ఫొటోని అరచేతిలోకి తీసుకుంది. కత్తిరించిన అంచుని వేలితో తడిమింది.

“నా ఒళ్ళో చెల్లి ఉండాలి, ఏదిరా?”