చప్పిడి కూడు

యాదవ్వ ఉప్పు కుండను తీసుకెళ్లి తోడికోడలు పోశవ్వకు ఇచ్చేసింది. ఎదురుగా ఉంటే చెయ్యి ఊరుకోదని ఆమె భయం.

మగ్గం మీద కూర్చున్న భర్త పర్శరాములుకు ఒకరోజు తల తిరిగింది. ఆయన వద్దంటున్నా ఆమే పట్టుబట్టి దవాఖానకు తీసుకెళ్లింది. డాక్టరుకు తెలుగు రాదు. ఇద్దరి చేతులకూ పట్టీ చుట్టి గాలి కొట్టాడు. ఇద్దరి మూత్రాన్నీ గాజు గొట్టాల్లో కాచి చూశాడు. తర్వాత చాలాసేపు ఉర్దూలో మాట్లాడాడు. బజారులో చీరలమ్మి ఆ భాష నేర్చిన పర్శరాములు తల వంచుకొని విన్నాడు.

బయటికొచ్చాక చెప్పాడు. "నెత్తురు జోరు పెరిగి, మూత్రం వడగట్టే నా గుర్దెలు పాడైతున్నయట. మందు లేదట. ఉప్పు బంద్ చెయ్యాలె, గంతే."

"చెయ్యకుంటే?"

ఆయన గబగబా ఇంటి దారి పట్టాడు.

మర్నాడు పొద్దున ఉప్పు కుండ తెచ్చిన యాదవ్వ కళ్ల కింద వాపు చూసి, ఏడ్చిందనుకుంది పోశవ్వ.

"ఆయనకు తీసిపెట్టి, నీ వంతుల ఇంత ఉప్పేసుకోరాదె. నువ్వేం పాపం జేసినవు?"

"ఆయన నోటికి లేని రుచి నాకెందుకక్కా."

ఆమె తీరే అంత. నిరుడు తన నీరసానికి వైద్యుడు పాలు తాగమంటే, ఆ పాలన్నీ భర్త గ్లాసులోకే పోసింది. ఇద్దరికీ ఎప్పుడూ ఒకటే వంట కుండ. ఆయన తిన్నాక, ఆయన పళ్లెంలోనే ఆమె తింటుంది.

ఇప్పుడు పర్శరాములు తిని లేవడం లేదు. ఆమె చివరి ముద్ద మింగేదాకా ఆ పళ్లెం వైపే చూస్తూ కూర్చుంటున్నాడు. తను దొంగతనంగా ఉప్పు కలుపుకుంటున్నానని అనుమానమా? ఆ చూపుకు ఆమె తల వంచుకొని జొన్న గట్క గబగబా మింగేసేది.

ఒక మధ్యాహ్నం మగ్గం చప్పుడు ఆగింది. ఆమె తొంగి చూసింది. మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకొని, ఆయన ఉప్పులో ఊరిన మామిడి తొక్కు ముక్క చప్పరిస్తున్నాడు. ఆమెను చూసి చప్పరించడం ఆపేశాడు.

యాదవ్వ తిట్టలేదు. ఆయన మెడ కింద ఎముకలు ఎప్పుడు పైకి తేలాయో ఆమెకు గుర్తు లేదు.

"రేపట్నుంచి ఉప్పేస్త. బతికినన్ని దినాలు కడుపు నిండ తిను," అంది.

ఆయన మొహం పాలిపోయింది. గుంటలోంచి లేచి వచ్చి ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు. ఆమె ఉంగరం ఉబ్బిన వేలిలోకి దిగిపోయి ఉంది.

"వద్దు. ఇంకెప్పుడు తొక్కు ముట్ట, నీ మీదొట్టు. ఉప్పు మాత్రం ఎయ్యకు, యాదీ. నాకు భయమైతాంది."

పెళ్లయిననాటి నుంచి ఆయన నోట ఆ మాట ఆమె వినలేదు. మొగవాడికి చావంటే ఇంత బెదురుంటుందా అనుకుంది. కొంచెం చిన్నచూపు కలిగింది. వెంటనే సిగ్గుపడింది. ఆ సాయంత్రం మళ్లీ చప్పిడి పప్పే వండింది.

నెల తర్వాత దవాఖానకు వెళ్లారు. డాక్టర్ మళ్లీ ఇద్దరి చేతులకూ పట్టీ చుట్టాడు. పాదరసం చూసి గొణిగాడు. తర్వాత పర్శరాముల్ని ఉర్దూలో గట్టిగా ఏదో అడిగాడు.

యాదవ్వ భర్త చొక్కా పట్టుకొని గుంజింది. "ఏమంటాండు? జర చెప్పు."

"నాకు కొంచెం తగ్గిందట. ఇట్లనే వండుమంటాండు."

డాక్టర్ అడిగింది మాత్రం, జబ్బు ఆమెదని ఆమెకు ఇంకా చెప్పలేదా అని.